పొడుగు ఈల

పెద్దోడు రాళ్ళ క్వారీలో డ్రిల్లు పట్టే మనిషి. ఆ పొద్దున తూటా పేలి, బండ లేచి వాడి తమ్ముడు చిన్నోడి కాలు మీద పడింది. కాలు నుజ్జయిపోయింది. తూటాలు పేల్చే ముసలాయన్ని అందరూ ఈల మామ అంటారు, పేల్చే ముందు అందర్నీ పొమ్మని ఈల ఊదేది ఆయనే కాబట్టి. ఆ ఈల మామని పెద్దోడు మెడ పట్టి ఈడ్చుకొచ్చి కంప్రెసర్ షెడ్డులో పడేశాడు. లోపల గడియ పెట్టాడు. సమ్మెట చేతిలోకి తీసుకున్నాడు.

"చెయ్యి పెట్టు."

"ఎక్కడ, అల్లుడూ?"

"ఆ ఇనప దిమ్మె మీద. ఈల పట్టుకునే చెయ్యి."

"ఈల నోటితో కదరా ఊదేది. చెయ్యేం చేసింది?"

"పరాచికాలా? నా తమ్ముడి కాలు అక్కడ పచ్చడైపోతే నీకు పరాచికాలా?"

"పరాచికం కాదు. భయం. భయమేస్తే నాకిలాంటి మాటలే వస్తాయి."

"ఏంటి గొణుగుతున్నావ్? నోరు తెరిచి మాట్లాడు!"

"భయమేస్తోంది అన్నాను!"

"వెయ్యాలి. ఇంకా వెయ్యాలి. ఇటు చూడు. నా మొహంలోకి చూసి చెప్పు. పొద్దున ఈల ఊదావా?"

"ఊదాను."

"ఊదలేదు."

"ఊదానురా. పొడుగు ఈల. ఊపిరి అయిపోయేదాకా ఊదాను. గుక్క తిప్పుకుని మళ్ళీ ఊదాను."

"అబద్ధం!"

"అబ్బా... డొక్కలో తన్నకు. డొక్కలో తంతే ఊపిరాడదు, ఊపిరాడకపోతే నిజం కూడా బయటికి రాదు."

"నేనక్కడే ఉన్నాను. గుట్ట కింద వంగి గడ్డపారలు ఏరుకుంటున్నాను. డ్రిల్లు ఆగిపోయింది, కంప్రెసర్ ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో ఈల వినపడదా? నేను చెవిటోణ్ణా?"

"నేనలా అన్నానా?"

"పోనీ నాకే వినపడలేదనుకో. చిన్నోడు? వాడివి గబ్బిలం చెవులు. అవతల వీధిలో గిన్నె కింద పడితే ఇక్కడ లేచి కూర్చుంటాడు. ఈల వినుంటే వాడు పరిగెత్తేవాడు కదా! వాడూ నా పక్కనే ఉన్నాడు కదా! ఉన్నాడా లేదా? జవాబు లేదు నీ దగ్గర."

"జవాబుంది. నా నోటితో చెప్పను."

"చెప్పవు. ఎందుకంటే లేదు. పేలుడు గాలికి నేను గుంటలోకి ఎగిరిపడ్డాను కాబట్టి బతికాను. వీపు మీద ఎవరో రెండు చేతులూ పెట్టి తోసినట్టు తోసింది. లేచి చూస్తే వాడు బండ కింద ఉన్నాడు."

"వత్తి వెలిగించే ముందు నేను చూశాను. దాక్కునే గూటి ముందు ఎర్ర టోపీ కనపడింది. మీ ఇద్దరివీ ఎర్ర టోపీలే. ఎప్పుడూ జంటగానే వస్తారు. ఒక టోపీ చూసి ఇద్దరూ వచ్చేశారనుకున్నాను. అది నా తప్పు. దానికి కొట్టు, పడతాను. ఈలకి మాత్రం కొట్టకు."

"మళ్ళీ కొత్త అబద్ధమా! మేమిద్దరం గుట్ట కింద ఉంటే గూటి దగ్గర టోపీ ఎవడిది? నీ అబ్బదా?"

"నా అబ్బ టోపీ పెట్టుకునేవాడు కాదు."

"పెట్టు చెయ్యి!"

"అల్లుడూ, వద్దు. ఇదిగో, నా మాట— అమ్మా! అమ్మా... అమ్మా..."

"అది చిటికెన వేలు. ఆ చేతికింకా నాలుగున్నాయి. ఊదావా?"

"ఊ... ఊదాను."

"నీ ఈల నీ చేతే మింగిస్తాను! మెడలోంచి తియ్యి దాన్ని. ఇటియ్యి!"

"తీసుకో. దారం లాగకు, మెడ తెగుతుంది. తీసుకో... ఒరేయ్, ఒక్క మాట విను. సమ్మెట ఎత్తుకునే ఉండు, దించమనడం లేదు. ఒక్క నిమిషం నోరు మూసి బయట విను."

"ఏం వినాలి?"

"విను."

"ఏముంది వినడానికి? శ్మశానంలా ఉంది. పొద్దుట్నుంచీ ఒక్క పురుగు కూయలేదు. అందరూ నోళ్ళకి కుట్లు వేసుకుని తిరుగుతున్నారు, నీ తప్పు కప్పిపుచ్చడానికి."

"నీకు... శ్మశానంలా ఉందా?"

"ఏంటా చూపు? ఏంటలా చూస్తున్నావ్ నన్ను?"

"ఏం లేదు. ఎవరో తలుపు కొడుతున్నారు."

"ఎవరూ కొట్టడం లేదు."

"మీ అక్క. పెద్దోడా, పెద్దోడా అని అరుస్తోంది."

"నన్ను అటు తిప్పి పారిపోదామనా?"

"చితికిన వేలుతో ఎక్కడికి పారిపోతాను? గడియ చూడు. గడియ ఊగుతోంది."

"... గాలి."

"బయట ఆకు కదలట్లేదు. నీ మొహం మీద చెమట కూడా ఆరడం లేదు. గాలెక్కడిది?"

"ఉండు. కదిలావంటే తల మీద వేస్తాను."

"కదలను. తియ్యి తలుపు."

"ఎవర— అక్కా?"

"చెవుల్లో సీసం పోసుకున్నావట్రా! ఎంతసేపట్నుంచి కొడుతున్నాను! చేతులు వాచిపోయాయి. తప్పుకో— అయ్యో! మామయ్యా! ఆ చెయ్యేంటి? ఆ నెత్తురేంటి?"

"ఏం లేదమ్మాయ్. అల్లుడు వేళ్ళు లెక్కపెడుతున్నాడు. ఒకటి అయింది."

"పెద్దోడా! నువ్వు మనిషివేనా? ఆయన వయసెంత, నువ్వు చేసే పనేంటి? ఇటియ్యి ఆ సమ్మెట."

"దగ్గరికి రాకక్కా. నీకు తగులుతుంది. ఒక్కసారి ఊదలేదని ఒప్పుకోమను. ఒప్పుకుంటే మిగతా వేళ్ళు వదిలేస్తాను."

"ఒరేయ్, నేను నర్సుని. అక్కడ చిన్నోడి తొడకి కట్టు కట్టి, నెత్తురు ఆపి, మేనేజర్ని పట్టుకోమని చెప్పి పరిగెత్తుకొచ్చాను. ఆసుపత్రి వ్యాను బయల్దేరింది. వచ్చేలోగా నువ్వు వాడి దగ్గరుండాలి. వాడు నిన్నే—"

"వాడికి తెలివొచ్చిందా?"

"తెలివి పోతే కదా రావడానికి!"

"బండ తీసినప్పుడు చూశానక్కా. వాడు నా వైపు చూశాడు. పెదాలు ఆడాయి. గొంతు రాలేదు. కాలు పోయింది సరే, గొంతు కూడా పోయింది నా తమ్ముడికి. ఏం చెప్పాలనుకున్నాడో! ఏదో అంటున్నాడు, ఒక్క ముక్క బయటికి రాలేదు."

"ఏమన్నావు?"

"మళ్ళీ చెప్పాలా?"

"చిన్నోడికి గొంతు రాలేదా?"

"నీ ముందే కదా వాణ్ణి మోశాం! నువ్వూ చూశావుగా!"

"మామయ్యా... వీడికి..."

"నాకూ ఇప్పుడే తెలిసిందమ్మాయ్. దానికి ఒక వేలు ఖర్చయింది."

"ఏంటి గుసగుసలు? ఏంటి మీ ఇద్దరూ?"

"మెల్లగా అనక్కర్లేదులే అమ్మాయ్, మామూలుగా అన్నా అందదు. మొహం అటు తిప్పి మాట్లాడు, చాలు. చిన్నోడి సంగతి ఇప్పుడే చెప్పకు. చెబితే అదో కొత్త అబద్ధం అంటాడు."

"నా వెనక కుట్ర చేస్తున్నారా? అక్కా, ఇటు తిరుగు! నువ్వు కూడా వీడి పక్షమా?"

"తిరిగాను. నా నోరు చూస్తున్నావు కదూ? నేను మాట్లాడుతుంటే నా కళ్ళు చూడవు, పెదాలు చూస్తావు. ఎన్నాళ్ళ నుంచి?"

"ఏం మాట్లాడుతున్నావు?"

"దవడకి ఆ గుడ్డ ఎందుకు కట్టావు?"

"పన్ను నొప్పి. నీకు తెలుసుగా."

"పన్ను పీకించుకున్నావుగా పోయిన వారం."

"పీకించాను. తగ్గలేదు."

"తగ్గదు. మంచి పన్ను పీకిస్తే ఎలా తగ్గుతుంది? విప్పు ఆ గుడ్డ."

"ఇప్పుడు నా పన్ను గొడవేంటి మధ్యలో! అక్కడ తమ్ముడు—"

"విప్పు!"

"అరవకు. ఇదిగో... చూడు. వాచింది, అంతే."

"వాచింది దవడ కాదురా. ఇక్కడ. చెవి ముందు."

"ముట్టుకోకు!"

"ఇక్కడ నొక్కితే?"

"ఆ! చంపుతావా! చెయ్యి తియ్యి, లేకపోతే నిన్ను కూడా—"

"కొట్టు. కొడితే కొట్టు. అబ్బ, ఏం కంపురా ఇది! చీము. రెండో చెవి చూపించు... ఇదీ అంతే. కన్నం మూసుకుపోయింది. మామయ్యా, ఇది చూడండి."

"నాకు కనపడక్కర్లేదు, వాసనొస్తోంది. నా వేలి కంపేమో అనుకున్నాను."

"చెవి కొంచెం నొప్పి అంతే. వినపడుతోంది. నువ్వు మాట్లాడేదంతా వినపడుతోంది కదా!"

"ఎదురుగా నిలబడి అరుస్తుంటే వినపడుతోంది. క్వారీ అవతల గట్టు మీంచి ఊదిన ఈల వినపడుతుందా?"

"ఊదితే వినపడుతుంది!"

"అయితే పందెం. ఆ ఈల నాకియ్యి. నేను గుంట గట్టు మీదకెళ్ళి ఊదుతాను, మామయ్య ఎక్కణ్ణుంచి ఊదుతాడో అక్కణ్ణుంచే. నువ్వు తలుపు వైపు వీపు పెట్టి కూర్చో. వినపడితే చెయ్యెత్తు."

"వినపడితే?"

"వినపడితే మిగతా వేళ్ళకి నేనే చెయ్యి పట్టుకుంటాను."

"అమ్మాయ్!"

"ఊరుకోండి మామయ్యా. వీడికి నోటితో చెబితే ఎక్కదు."

"వెళ్ళు. వెళ్ళి ఊదు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు. ముసలోడా, నువ్వు అక్కడే ఉండు. నా ఎదురుగా."

"ఎక్కడికి పోతాను... అల్లుడూ, అమ్మాయి వచ్చేలోగా ఒకటడగనా?"

"అడుగు."

"చెవుల్లో గుడ్డ పీలికలు పెట్టుకుంటున్నావా ఇంకా?"

"అందరూ పెట్టుకుంటారుగా. డ్రిల్లు మోతకి గ్రీజులో ముంచిన పీలిక పెట్టకపోతే సాయంత్రానికి బుర్ర పగిలిపోతుంది. నువ్వు డ్రిల్లు పట్టిన రోజుల్లో నువ్వు పెట్టుకోలేదా?"

"పెట్టుకున్నాను. ఎండకి నీళ్ళ గుంటలో మునిగేవాళ్ళం కూడా. మునిగాక ఏం చేసేవాళ్ళమో తెలుసా? గట్టు మీద పక్కకి ఒరిగి పడుకునేవాళ్ళం. ఒక బీడీ కాల్చేంతసేపు ఆ పక్క, ఒక బీడీ కాల్చేంతసేపు ఈ పక్క. నీళ్ళన్నీ కారి చెవి ఆరాక పీలిక."

"అంతసేపు పడుకోనిస్తే కదా ఇప్పుడు! మునగడం, లేవడం, పీలిక దూర్చడం, డ్రిల్లెక్కడం. నువ్వు మాటల్లో పెడుతున్నావు నన్ను. అక్కేది? ఇంకా ఊదదేం?"

"ఊదుతోంది."

"ఎప్పుడు?"

"ఇప్పుడు. ఇదిగో, ఇంకా ఊదుతూనే ఉంది. ఆపింది. మళ్ళీ మొదలెట్టింది. ఊపిరి బాగానే ఉంది అమ్మాయికి."

"మళ్ళీ అబద్ధం! నిలబడి ఊరికే కాలయాపన చేస్తోంది మీ ఇద్దరి లాలూచీతో. పెట్టు చెయ్యి, ఇంకో వేలు—"

"పెడతాను. ముందు కిటికీలోంచి చూడు."

"ఏముంది కిటికీలో?"

"చూడరా."

"... ఎందుకు పరిగెడుతున్నారు వాళ్ళంతా?"

"ఎటు పరిగెడుతున్నారు?"

"గూట్లోకి. క్రషర్ వాళ్ళు, లారీ వాళ్ళు... వంటామె కూడా గరిటె పట్టుకుని పరిగెడుతోంది. ఎందుకు? ఇప్పుడు పేల్చేదేముంది? మందు కూరలేదుగా?"

"ఏమీ లేదు."

"మరెందుకు పరిగెడుతున్నారు?"

"పొడుగు ఈల వినపడింది కాబట్టి. అది వింటే మనిషి ఆలోచించడు అల్లుడూ. కాళ్ళు వాటంతటవే పరిగెడతాయి. ఈ క్వారీలో అందరి కాళ్ళూ పరిగెత్తాయి చూడు. నీవి తప్ప. సమ్మెట బరువుగా ఉన్నట్టుంది. దించు."

"దించను."

"సరే. పట్టుకునే ఉండు."

"వచ్చాను. ఏరా? చెయ్యెత్తావా?"

"అక్కా... నువ్వు నిజంగా ఊదావా?"

"నా పెదాలు చూడు. ఎర్రబడ్డాయి. ఊదీ ఊదీ కళ్ళు తిరిగాయి. వంటామె నన్ను తిడుతూ వెళ్ళింది, ఎసరు పొంగిపోయిందట."

"చెవిలో కొంచెం నీళ్ళు నిలిచాయి, అంతే. ఒక పక్కన. పోతాయిలే అనుకున్నాను."

"ఒక పక్కనో రెండు పక్కలో తర్వాత. ఎన్నాళ్ళ నుంచి దాచావు?"

"దాచలేదు. చెప్పలేదు."

"ఆ రెంటికీ తేడా ఏంటో ఆయన చేతిని అడుగు."

"నాతో డ్రిల్లు పట్టే బండోడికి ఏమైందో చూశావుగా! చెవి మందగించిందని తెలిసీ తెలియగానే డ్రిల్లు మీంచి దించేశారు. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పిల్లలు వెనకనుంచి వచ్చి 'భౌ' అంటే ఉలిక్కిపడడు అని నవ్వుతారు. ఆ కుర్చీలో కూర్చోవడం కంటే చావు నయం అనిపించింది."

"చావు నయం అనిపించింది నీకు. వచ్చింది ఎవరి మీదికి?"

"అక్కా!"

"అరవకు. కూర్చో ఈ డబ్బా మీద. వెలుతురు వైపు తిరుగు. సమ్మెట దించు."

"దించను."

"దించకపోతే మానె. నొప్పికి పిడి గట్టిగా పట్టుకో. చెవి వెనక్కి లాగుతాను, అరిస్తే అరుచుకో గాని తల కదిలించకు. మామయ్యా, వేలు నీళ్ళతో కడిగి పైకెత్తి పట్టుకోండి. వీడి తర్వాత మీరే."

"నాకేం తొందర లేదమ్మాయ్. ఇంత దూరం వచ్చాం."

"ఏం పోశావురా ఇందులో? నల్లగా ఉందేంటి?"

"... డీజిల్."

"ఏంటీ?"

"ఒకే చుక్క. నీళ్ళు పైకి తేలిపోతాయని లారీ డ్రైవరు చెప్పాడు."

"ఇది చెవా, ఇంజనా? ఇంకేం చేశావు? చెప్పు, ఇప్పుడే చెప్పు."

"డ్రిల్లు కన్నం కెలికే తీగ ఉంటుంది కదా..."

"దాంతో కెలికావా!"

"దురద ఆగలేదక్కా. పిచ్చెక్కిపోయింది. రాత్రంతా లోపల చీమలు పాకినట్టుండేది. తీగ పెట్టి తిప్పితే హాయిగా ఉండేది ఒక్క క్షణం."

"హాయిగా ఉంటుంది, లోపల తోలు లేచిపోతుంటే. చెవి లోపలి తోలు వెంట్రుకంత పల్చగా ఉంటుందిరా. నీళ్ళలో నాని మెత్తబడ్డ తోలుని తీగతో గీకితే పుండు పడకేం చేస్తుంది? పుండు పడ్డ చోట మళ్ళీ తడి. తడి మీద మళ్ళీ గ్రీజు గుడ్డ. నీళ్ళకి నువ్వే బిరడా వేశావు. లోపల ఉడికింది. నేనెన్నిసార్లు చెప్పాను మీ అందరికీ? గుంటలోంచి లేవగానే తల పక్కకి వంచి, చెవి తమ్మె వెనక్కి లాగి, నీళ్ళు కారనివ్వమన్నానా? పొడి గుడ్డతో పైపైన అద్దమన్నానా? పుల్ల గాని వేలు గాని పెట్టొద్దన్నానా?"

"అన్నావు."

"నవ్వారు మీరు."

"నవ్వాం. చిన్నోడు నవ్వలేదు. వాడు తల వంచుకుని ఒంటికాలి మీద గెంతేవాడు నువ్వు చెప్పినట్టే. మేం వాణ్ణి కొంగ అని ఏడిపించేవాళ్ళం."

"అందుకే వాడి చెవులు బాగున్నాయి. కదలకు! ... మామయ్యా, నా మందుల సంచిలోంచి టార్చి తీసి దగ్గరగా పట్టండి. ఇదేంటి లోపల?"

"ఏంటక్కా?"

"ఏదో ఉంది. పోగులు పోగులుగా. పెద్దోడా, పీలిక తీసినప్పుడు మొత్తం వచ్చిందా?"

"ఒక రోజు... సగం చేతికొచ్చింది. మిగతాది లోపలే తెగింది."

"ఎప్పుడు?"

"పన్ను పీకించుకోక ముందు."

"మరి మిగతా సగం?"

"కరిగిపోయుంటుందనుకున్నాను."

"గుడ్డ కరుగుతుందట్రా! నోట్లో వేసుకున్న బెల్లం ముక్కా అది?"

"తీగతో కెలికినప్పుడు ఇంకా లోపలికి పోయినట్టుంది. అప్పట్నుంచి ఆ పక్కన అంతా మూసుకుపోయింది."

"మామూలుగా అయితే దీన్ని నేను ముట్టుకోను. పెద్దాసుపత్రిలో చెవి డాక్టరు పని. కానీ కొస కనపడుతోంది. కొస అందుతోంది కాబట్టి తీస్తున్నాను. పట్టకారు పెడుతున్నాను. నొప్పి మామూలుగా ఉండదు."

"చిన్నోడికి ఎంత నొప్పిగా ఉందో. నాది నొప్పా? లాగు."

"పట్టుకో."

"ఆ... ఆఁ! ఆపు! ఆపు, ఆపు, ఆపు!"

"సగంలో ఆపితే మళ్ళీ తెగుతుంది. మామయ్యా, వీడి తల పట్టుకోండి! మంచి చేత్తో!"

"పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టు అల్లుడూ. నా మోకాలు కొరుకు కావాలంటే. నేనేమనుకోను."

"అమ్మా! చచ్చిపోతానక్కా! చంపేస్తాను నిన్ను! వదులు మామా! వదులు— ఆఁ—"

"వచ్చింది! వచ్చేసింది. ఇదిగో. చూడు. కళ్ళు తెరిచి చూడరా."

"ఇదా? ఇంత... ఇది నా చెవిలో ఉందా? వేలంత ఉంది."

"చిటికెన వేలంత ఉంది."

"... మామా."

"పర్లేదులే."

"రక్తం కారుతోందక్కా."

"చీము, రక్తం, డీజిలు, అన్నీ కారతాయి. కారనీ, తల వంచు. ఈ చుక్కల మందు పూటపూటకీ వెయ్యాలి. గుంటలో దిగావంటే కాళ్ళు విరగ్గొడతాను. తలస్నానం చేస్తే దూదికి వ్యాజిలిన్ రాసి చెవి మొదట్లో అడ్డం పెట్టుకుని, అవగానే తీసెయ్యాలి. ఈ వ్యానులోనే నువ్వూ ఎక్కు, డాక్టరు రెండో చెవి చూడాలి. కర్ణభేరి చిరగకుండా ఉంటే చాలు."

"అక్కా, ఏంటది? జుయ్యిమని..."

"ఏది?"

"ఇక్కడే. మోత. నా బుర్రలోనా?"

"ఈగలు. మామయ్య చేతి మీద ముసురుకున్నాయి."

"ఈగలు వినపడుతున్నాయి నాకు."

"సమ్మెట వదిలేశావు, చూసుకున్నావా?"

"ఉండు. ఇది ఈగలు కాదు. ఇంకోటుంది. దూరంగా. ఎవరో అరుస్తున్నారు. ఎవరక్కా? మందుల గది వైపు నుంచి. ఎప్పట్నుంచి అరుస్తున్నారు?"

"పొద్దుట్నుంచీ."

"పొద్దుట్నుంచా? మరి నేను... మామా, ఇందాక నన్ను వినమన్నది ఇదేనా?"

"ఇదే."

"చిన్నోడి గొంతు! అక్కా, అది చిన్నోడి గొంతు! వాడికి గొంతుంది! పోలేదు!"

"ఎప్పుడు పోయిందిరా. బండ కింద నీ మొహంలోకి చూసి అరిచినప్పుడూ ఉంది. క్వారీ మొత్తం విన్నది."

"ఏమంటున్నాడు? సరిగ్గా అందట్లేదు. నొప్పి అంటున్నాడా? నీళ్ళడుగుతున్నాడా? చెప్పక్కా!"

"చెప్పను. పొద్దుట్నుంచీ ఒకటే మాట, వదలకుండా అదే మాట. వాడు నీతో అంటున్నాడు. నువ్వే వినాలి. ఇదిగో, కిటికీ తీస్తున్నాను."

"అన్నా... అన్నా అంటున్నాడు. అన్నా... లే... 'ఈల వేశారు, లే అన్నా, పరిగెత్తు' అంటున్నాడు... మామా, గూటి దగ్గర నువ్వు చూసిన టోపీ వాడిదా? అక్కా... నన్ను గుంటలోకి తోసింది గాలి కాదా?"